మొదటి వరుసలో పొట్టు యంత్రం

సాగరతీర సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఉపకారవేతనాల విభాగానికీ, ఇంటర్న్‌షిప్పుల విభాగానికీ మధ్య ఒక గోడ ఉండేది. గోడకు ఇటు గదిలో, పేద విద్యార్థుల ఫీజులు ఎందుకు కట్టలేకపోతున్నామో ఓపిగ్గా చెప్పి పంపేవారు. అటు గదిలో, పరిశ్రమల్లో పని నేర్చుకోవడానికి ఎందుకు పంపలేకపోతున్నామో అంతే ఓపిగ్గా చెప్పి పంపేవారు. ఇలా ఎవరి పని వారు చేసుకుంటూ సుఖంగా ఉన్న రోజుల్లో వైస్ చాన్సలర్ గారు ఏదో సదస్సుకు వెళ్లారు. సదస్సులకు వెళ్లేవాళ్లు వట్టి చేతులతో తిరిగి రారు కదా. శాలువాతో పాటు ఒక మాట కూడా తెచ్చుకుంటారు. ఈసారి ఆయన తెచ్చుకున్న మాట ‘సమ్మేళనం’.

వారం తిరక్కుండా గోడ కూలిపోయింది. రెండు విభాగాలూ ఒక్కటయ్యాయి. కూల్చిన ఇటుకల పక్కనే షామియానా వేసి, ‘సమ్మిళిత ఉపకార పరిశ్రమానుభవ పథకం’ ప్రారంభించారు. దానికి డైరెక్టరుగా డాక్టర్ త్రివిక్రమరావు గారిని నియమించారు. ఆయన మామూలుగా మాట్లాడటం ఎప్పుడో మానేశారు. ఇంట్లో మంచినీళ్లు అడిగినా ఉత్తర్వు జారీ చేసినట్టే ఉంటుందని ఆయన సహోద్యోగులు చెప్పుకునేవారు.

“ఉపకారం వేరు, అనుభవం వేరు అనే భేదభావం నేటితో ఈ ప్రాంగణంలో సమసిపోయినది. పరిశ్రమలో పని చేసిన గంటల ప్రాతిపదికన మాత్రమే ఉపకారవేతనం మంజూరు చేయబడును. గంట లేనిదే గ్రాంటు లేదు!” అని ఆయన మైకులో ప్రకటించారు.

వెనక వరుసలో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లలో బెవర ఝాన్సీ కూడా ఉంది. మెకానికల్ మూడో సంవత్సరం. ప్రతిభా ఉపకారవేతనం మీదే చదువుతోంది. అది ఆగితే చదువూ ఆగుతుంది, అందులో రెండో మాట లేదు. అయినా చప్పట్లు మనస్ఫూర్తిగానే కొట్టింది. ఓడల ఇంజన్లు బాగుచేసే చోటికో, టర్బైన్లు తయారుచేసే చోటికో పంపుతారని అనుకుంది పాపం.

పథకంలో ఒక చిన్న నిబంధన ఉంది. విద్యార్థులను విశ్వవిద్యాలయం బస్సులోనే తీసుకెళ్లి, సాయంత్రానికి తీసుకురావాలి. బస్సేమో ముసలిది. అది వెళ్లి రాగలిగినంత మేరలో ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొబ్బరితోటలు, మిగతా అన్ని పక్కలా జీడిపప్పు పరిశ్రమలు. కాబట్టి శాఖలతో నిమిత్తం లేకుండా ఇంజనీరింగు మొత్తం జీడిపప్పులోకి దిగింది. సివిల్ వాళ్లు గింజలు ఆరబోసే కళ్లంలో నేల చదునును అధ్యయనం చేయాలి. కంప్యూటర్ వాళ్లు డబ్బాలు లెక్కపెట్టాలి, దాన్ని డేటా అన్నారు. ఎలక్ట్రికల్ వాళ్లు స్విచ్చి దగ్గర నిలబడాలి. మెకానికల్ వాళ్లకు సూరిబాబు గారి పరిశ్రమలో పప్పు మీద పొట్టు తీసే విభాగం దక్కింది.

ఆ విభాగం ఝాన్సీకి కొత్తది కాదు. వాళ్లమ్మ దాలమ్మ పెళ్లయిన నాటి నుంచీ కూర్చుంటున్నది అక్కడే.

ఆ సాయంత్రం సంగతి చెప్పేసరికి దాలమ్మ కడుగుతున్న గిన్నె కింద పెట్టేసింది.

“ఏటే నువ్వంటన్నది? సూరిబాబు కంపినీకా? నా పక్క పీట మీదకా?”

“పని కాదమ్మా. ఇంటర్న్‌షిప్.”

“పేరేదయితే ఏటి, పొట్టు పొట్టే కదే. నా సేతులు సూడు. గోళ్లున్నాయా? ఏళ్లకి గీతలున్నాయా? ఈ సేతులు నీకొద్దనే కదా ఇంజినీరింగులో ఏసినాను. ఇన్నేళ్లు సదివి, తిరిగి తిరిగి నా పీట కాడికే వచ్చీసినావేటే గుంటా?”

“ఎల్లకపోతే ఫీజు కట్టరమ్మా.”

దాలమ్మ గిన్నె మళ్లీ తీసుకుని, అవసరమైన దానికన్నా గట్టిగా తోమింది.

సూరిబాబు గారు మాత్రం విద్యార్థులను వీధి గుమ్మం దాకా ఎదురొచ్చి తీసుకెళ్లారు. తెల్ల చొక్కా, మెడలో పులిగోరు గొలుసు, నోట్లో ఎప్పుడూ నాలుగు పలుకులు జీడిపప్పు ఉండే మనిషి. కూలి ఇవ్వనక్కర్లేని పనివాళ్లను విశ్వవిద్యాలయం బస్సులో పెట్టి పంపుతుంటే ఎవరు మాత్రం ఎదురు రారు?

“మా కంపినీకి ఇంజినీర్లు రావడమంటే మాటలా! రండమ్మా, కూకోండి, అవుగో పీటలు. పప్పు గుండుగా రావాల. బద్దయితే రేటు పడిపోద్ది. అంతే, అదే సబ్జెక్టు” అన్నారాయన.

గింజ కొట్టే విభాగానికి వెళ్లిన అబ్బాయిలు ఎక్కువ రోజులు ఆగలేదు. జీడి నూనె అంటుకుని చేతులు బొబ్బలెక్కాయి. ఒకడు పొరపాటున ముఖం తుడుచుకుని ఆసుపత్రిలో పడ్డాడు. మిగిలినవాళ్లు ఉపకారమూ వద్దు, అనుభవమూ వద్దని నాన్నల చేత అప్పులు చేయించారు. అప్పు పుట్టే నాన్న ఝాన్సీకి లేడు. ఆమె అమ్మ పక్క పీట మీద కూర్చుని చిన్న కత్తితో పొట్టు గీకింది. అమ్మ ఆమె వైపు చూసేది కాదు. చూడకుండానే ఆమె పళ్లెంలోంచి గీకని పప్పు పిడికెడు తీసి తన పళ్లెంలో వేసుకునేది.

అమ్మ అలా పిడికెళ్లు లాక్కోవడం చూడలేకే ఝాన్సీ యంత్రం మొదలుపెట్టింది. అంతకు మించిన శాస్త్రీయ జిజ్ఞాస ఏమీ లేదు. పాత గ్రైండరు మోటారు ఒకటి, కొబ్బరిపీచు బ్రష్షులు, చేపల వల నైలాను జాలీ, ఊదడానికి పాడైన కూలరు ఫ్యాను. బోర్మా అనే వేడి గదిలో ఎండిన పప్పు డ్రమ్ములో వేస్తే, బ్రష్షుల మధ్య దొర్లి, పొట్టు ఎగిరిపోయి, పప్పు గుండుగా కింద పడేది. మొండి పొట్టున్న పలుకులు మాత్రం మనుషులు చూసుకోవాలి. మోటారు ఎంతసేపు తిరిగితే వేడెక్కుతోందో చూసుకోవడానికి, రొయ్యల చెరువు దగ్గర పారేసిన జనరేటరు నుంచి గంటల మీటరు ఒకటి ఊడదీసి, సున్నాకు తిప్పి దానికి బిగించింది.

పీటల మీద ఆడవాళ్లందరూ పని ఆపి చూశారు. వాళ్లకు కూలి కిలోల లెక్క. యంత్రం సాయంతో కిలోలు పెరిగాయి, నడుం నొప్పి తగ్గింది. దాలమ్మ ఆ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, నుదురు ఎక్కడుంటుందో ఆలోచించి, మోటారు మీద కుంకుమ బొట్టు పెట్టింది.

“నా మనవరాలే ఇది. నా కూతురు కన్నాది” అని అందరికీ చెప్పింది. ఆ రోజు ఆమె మొహంలో కోపం లేదు.

కూలి వాళ్లకు కిలోల లెక్క, చదువుకునే వాళ్లకు గంటల లెక్క. చిక్కంతా అక్కడొచ్చింది. కత్తి పట్టుకుని పీట మీద కూర్చుంటేనే పుస్తకంలో గంట వేయాలని పథకంలో ఉంది. యంత్రం వచ్చాక ఝాన్సీ వాటా పని పొద్దున్నే అయిపోయేది. పని లేని ఇంటర్నును ఉంచుకుంటే తనిఖీలో ఇబ్బందని గుమస్తా ఆమెను ఇంటికి పంపేసేవాడు. సెమిస్టరు చివరికి ఆమె గంటలు చాలలేదు.

ఆమెకు పిలుపొచ్చింది. డైరెక్టరు గారి గదిలో ఏసీ హోరు మీద ఆయన గొంతు వినిపించింది.

“మీ పరిశ్రమానుభవం శోచనీయముగా ఉన్నది కుమారీ.”

“సార్, పని మొత్తం అయిపోయింది సార్. అందరికన్నా ఎక్కువే అయింది.”

“పని పూర్తగుట పథకం యొక్క ఉద్దేశం కాదు. గంటలు పూర్తగుట ఉద్దేశం. మీరు పనిని త్వరితగతిన ముగించి పథకమునకు నష్టం కలిగించినారు.”

“యంత్రం తయారుచేశాను సార్. మెకానికల్ కదా సార్ నాది.”

“యంత్రములు తయారుచేయుట అంతిమ సంవత్సరపు సిలబస్సులో ఉన్నది. మీరింకనూ మూడవ సంవత్సరమే కదా!”

ఝాన్సీ ఉపకారవేతనం రద్దయింది. ఫీజు కట్టలేదు కనక పేరు తీసేశారు. ఎవరూ కసిగా చేయలేదు, కేకలు వేయలేదు. అంత మర్యాదగా ఒక పిల్ల చదువు ఆపేయడం ఎక్కడ నేర్చుకున్నారో మరి.

ఇంతలో పై నుంచి తనిఖీ బృందం వస్తోందని కబురు. పథకం వెలగబెట్టినందుకు, గంటలు పూర్తి చేసిన అభ్యర్థిని ఒక్కరినైనా చూపించాలి. లేకపోతే వచ్చిన నిధులు వెనక్కి పోతాయి. వెతికారు. అబ్బాయిలంతా బొబ్బలతో వెళ్లిపోయారు. కంప్యూటర్ వాళ్లు డబ్బాలు లెక్కపెట్టడం ఇంట్లోంచే చేశామన్నారు. త్రివిక్రమరావు గారు స్వయంగా సూరిబాబు గారి పరిశ్రమకు వెళ్లి, చెమటలు తుడుచుకుంటూ అటూ ఇటూ తిరిగి, యంత్రం ముందు ఆగారు. మీటరు చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. కావలసిన గంటలు పూర్తయి, ఇంకా పైన కూడా ఉన్నాయి.

“ఇది సంతకం పెట్టి ఇంటికి వెళ్లిన గంట కాదు. నిజముగా పని చేసిన గంట. ఇంతటి నిష్ఠ ఏ విద్యార్థిలోనూ చూడలేదు” అన్నారు. ఆ మాటలో ఎగతాళి వెతికితే దొరకదు.

మర్నాడు పాలకమండలి అత్యవసరంగా కూర్చుంది. యంత్రాలు విద్యార్థులు కారాదని ఏ నిబంధనలోనైనా ఉందా అని అడిగారు వైస్ చాన్సలర్ గారు. లేదని తేలింది. యంత్రాలు చదువుకునే కాలం ఇది అని సదస్సులో ఎవరో చెప్పగా తాను స్వయంగా విన్నానని కూడా ఆయన అన్నారు. ఖాళీగా ఉన్న ఝాన్సీ సీటును, ఆగిపోయిన ఆమె ఉపకారవేతనాన్ని యంత్రానికి ఇచ్చారు. రెండు చెవులూ కనబడేలా ఫొటో ఉండాలన్నారు గనక, పక్కనున్న మరలు రెండూ కనబడేలా ఫొటో తీసి ఐడీ కార్డు మెడలో వేశారు. మెడ అంటే మోటారుకీ డ్రమ్ముకీ మధ్య సందు.

తనిఖీ బృందం వచ్చింది, మురిసింది, సూట్‌కేసుల్లో జీడిపప్పు సర్దుకుని వెళ్లింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఉపకారవేతనం పొందే విద్యార్థికి తరగతిలో హాజరు తప్పనిసరి. అందుచేత యంత్రాన్ని మొదటి వరుసలో, ఝాన్సీ కూర్చునే చోటనే కూర్చోబెట్టారు. యూనిఫాం గుడ్డతో తొడుగు కుట్టించారు. పాఠాలు చెప్పేవాళ్లకు అది మొదటి వారంలోనే నచ్చేసింది. ఫోను చూడదు, ఆవులించదు. అన్నిటికీ మించి, ప్రశ్నలు అడగదు. ఇంటర్నల్ మార్కుల్లో దానికి పూర్తి మార్కులు వేశారు. మిగతా పిల్లలను దాన్ని చూసి బుద్ధి తెచ్చుకోమన్నారు.

పరిశ్రమలో మాత్రం పొట్టు తీయని పప్పు కుప్పలుగా పేరుకుపోయింది. సూరిబాబు గారు తలపట్టుకుని, దాలమ్మ ఇంటికి మనిషిని పంపారు. యంత్రం కాలేజీకి పోయింది, దాని పని చేయడానికి అమ్మాయిని పంపమని. ఝాన్సీ వెళ్లింది. మళ్లీ ఎప్పటికైనా ఫీజు కట్టుకోవాలంటే ఏదో ఒకటి చేయాలి కదా. ఈసారి ఇంటర్ను కాదు, కూలి. అమ్మ పక్క పీటే.

“నువ్వు సేసినది సదువుకుంతంది. సదవాల్సిన నువ్వు పొట్టు తీస్తన్నావు. ఈ నోకంలో ఇంకేటి సూడాల్నో” అంది దాలమ్మ. ఆ తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లలో అమ్మ పని మధ్యలో ఏడవడం ఝాన్సీ చూడలేదు. తన కత్తి కూడా పళ్లెంలో పడేసి, తల వంచుకుని కూర్చుండిపోయింది.

వానాకాలం సముద్రపు గాలికి తరగతిలో యంత్రం తుప్పు పట్టసాగింది. ఆ మాట విన్న ఝాన్సీకి మనసు ఆగలేదు. ఒక మధ్యాహ్నం స్క్రూడ్రైవరు, నూనె సీసా పట్టుకుని కాలేజీకి వెళ్లి, తొడుగు తీసి, డ్రమ్ము మూత విప్పుతుండగా సెక్యూరిటీ వాళ్లు పట్టుకున్నారు.

త్రివిక్రమరావు గారు ఇంత ఆవేదన పడటం ఆ గదిలో ఎవరూ చూసి ఉండరు.

“బయటి వ్యక్తివై ఉండి, తరగతి గదిలోకి చొరబడి, ఒక విద్యార్థి యూనిఫాం తొలగించి, లోపల స్క్రూడ్రైవరు పెట్టబోయినావు. ర్యాగింగ్ నిరోధక నిబంధనలలో ఇంతకన్నా హేయమైన నేరం నాకు కనిపించుటలేదు.”

“బేరింగు పట్టేసింది సార్. నూనె వెయ్యకపోతే చచ్చిపోతుంది.”

“విద్యార్థి ఆరోగ్యము విషయమై సంరక్షకుల అనుమతి ఆవశ్యకము. దీని తల్లి ఎవరు?”

“నేనే సార్. నేనే చేశాను.”

“నీ మీద కేసు ఉన్నది. నిన్ను అనుమతించజాలము. తర్వాతి సంరక్షకులు?”

ఝాన్సీ ఆయన మొహంలోకి చూసింది. ఆయన నవ్వడం లేదు. కలం పట్టుకుని నిజంగానే ఎదురుచూస్తున్నారు.

“అమ్మమ్మ ఉంది సార్” అంది.

దాలమ్మ మర్నాడు ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. విశ్వవిద్యాలయంలో ఆమెకు కుర్చీ వేయడం అదే మొదలు. కూతురి ఉపకారవేతనం కోసం తిరిగిన రోజుల్లో వరండా మెట్ల మీదే కూర్చునేది.

“మీ మనవరాలు చాలా నెమ్మదస్తురాలు. ప్రవర్తన అత్యుత్తమం. కానీ ఇటీవల కదలిక లోపించినది” అన్నారు డైరెక్టరు గారు.

“కదలికెలాగ ఉంటాది బాబూ? పనిలో పుట్టిన పిల్లని పని నేకుండా కూకోబెట్టీసినారు. దానికీ సదువొద్దు. టీసీ ఇచ్చీండి, తీసుకుపోతాను.”

త్రివిక్రమరావు గారు కుర్చీలో వెనక్కి జారారు. “ఎంత మాట! బాలికల విద్య ఆవశ్యకతను మీరు గుర్తించవలెను. ఆడపిల్ల చదువును అర్ధాంతరముగా ఆపివేయుట సమంజసమా?”

దాలమ్మ లేచి నిలబడింది. గీతలు అరిగిపోయిన రెండు చేతులూ ఆయన బల్ల మీద పెట్టింది.

“ఆడపిల్ల సదువు మజ్జిలో ఆపీసినోలెవరో ముందు మీరు సెప్పండి బాబూ. నేనింటాను. సెప్పండి.”

ఆయన బల్ల మీది చేతులను చూశారు, కిటికీ వైపు చూశారు, చివరికి నిబంధనల పుస్తకం వైపు చూశారు. అధికారులకు సిగ్గు వేసినప్పుడు తలదాచుకోవడానికి ఆ పుస్తకం ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది.

“టీసీ ఇచ్చినచో చదువు మానినవారి సంఖ్య పెరుగును. అది మనకు అప్రతిష్ఠ” అని నెమ్మదిగా అన్నారు. “అయితే, మీ మనవరాలు తిరిగి పరిశ్రమలోనే చేరుచున్నది కదా?”

“ఇంకెక్కడికి పోద్ది?”

ఆయన మొహం వెలిగింది. “అట్లయిన అది చదువు మానుట కాదు. ఉద్యోగము పొందుట! ఈ పథకం ద్వారా ఉద్యోగంలో స్థిరపడిన ప్రప్రథమ విద్యార్థి!”

“మంచిదే బాబూ. మరి దాని సీటు ఖాళీయే కదా. ఉత్తినే ఖాళీగా ఉంచీస్తే మీకే మాటొస్తాది.”

అది నిజమే. సీటు ఖాళీ అయితే దాని మీద వచ్చే నిధి పోతుంది. సంవత్సరం మధ్యలో ఆ పాఠాలు తెలిసిన అభ్యర్థి ఝాన్సీ కాక ఇంకెక్కడ దొరుకుతారు? బాధితురాలైన యంత్రం విశ్వవిద్యాలయం వదిలి వెళ్లిపోతే ర్యాగింగ్ కేసు కూడా దానంతటదే చెల్లకుండా పోతుంది. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి ఆయన నోటితోనే పైకి వచ్చాయి. దాలమ్మ మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు.

ఝాన్సీ మళ్లీ తన సీటులో కూర్చుంది. ఉపకారవేతనం కూడా వచ్చింది, కాకపోతే పాత గంటల లోటు పూడ్చాలన్న షరతు మీద. పరిశ్రమలో ఇప్పటికే స్థిరపడిన పూర్వ విద్యార్థి పర్యవేక్షణలో ఆమె ఆ గంటలు పూర్తి చేయాలన్నారు. అలాంటి పూర్వ విద్యార్థి విశ్వవిద్యాలయానికి ఒక్కటే ఉంది. దాని నిలువెత్తు ఫొటో గేటు మీద కట్టారు. పరీక్ష ఫీజు రసీదు కోసం వెళ్లిన రోజున త్రివిక్రమరావు గారు ఆ ఫొటో చూపించి, “ఆ విద్యార్థిని ఆదర్శముగా స్వీకరించుము” అని ఝాన్సీకి హితవు చెప్పారు. అలాగే సార్ అంది ఝాన్సీ.

ఇప్పుడు కాలేజీ వదలగానే బస్సు ఆమెను సూరిబాబు గారి గుమ్మంలో దింపుతుంది. బేరింగు మార్చిన యంత్రం హోరుమని తిరుగుతూ ఉంటుంది. పక్కన పీట మీద ఝాన్సీ షరతు ప్రకారం ఒక చేత్తో కత్తి పట్టుకుని, రెండో చేత్తో థర్మోడైనమిక్స్ పుస్తకం తిప్పుతూ ఉంటుంది. గుమస్తా వచ్చి చూసి, పర్యవేక్షకురాలికి అభ్యంతరం ఏమీ లేదు కనక, గంట వేసి వెళ్లిపోతాడు.

దాలమ్మ మొండి పొట్టు గీకుతూ మధ్య మధ్య కూతురి వైపు చూస్తుంది. ఈ మధ్య సూటిగానే చూస్తోంది.

“నా పక్కన కూకోకూడదనుకున్నాను గానీ, ఇలాగ కూకుంటే పర్వానేదు” అంటుంది. “కాగితం తిప్పవే, సాలాసేపయింది.”